రాతి కన్నంలో నీలం సంచి

ఫిబ్రవరి 3, సోమవారం

అందరూ బాగున్నారా?

పసేసే, నాన్నా, భుజం నొప్పి తగ్గిందా? కొబ్బరినూనె రాయించుకోమంటే వినవు. కోడలా ఫువాతినో, నీ దగ్గు నాకు నచ్చడంలేదు, హోటల్లో దుప్పట్లు ఉతికే ఆవిరి నీకు పడటంలేదేమో. మనవరాలా ఉసూయా, చిట్టితల్లీ, తొడల మధ్య ఆ ఎరుపు ఎలా ఉందే? పెనిమిటీ ఎతువాతీ, నువ్వు పోయి ఏడేళ్ళయినా అడగకుండా ఉండలేను, వానకి వాకిట్లో నీ సమాధి మూల పగిలింది, లోపలికి తడి వస్తోందా? పక్కింటి లాఫీ, కొబ్బరిచెట్టు మీంచి జారావట, మోకాలు ఎలా ఉంది నాయనా?

పాస్టరు గారి బడిలో మాకు నేర్పిన రాత ఉత్తరాల రాతే. ముందు అందరి ఆరోగ్యం అడగాలి, తరవాత సంగతి. నోటితో అడిగితే కొడుకు పసేసే విసుక్కుంటాడు, "మొదలుపెట్టావా అమ్మా" అని. పుస్తకం విసుక్కోదు.

సంగతి ఏంటంటే కిందటి నెల ఆఖరి శనివారం పెద్దల సభ తీర్మానం చేసింది. ఇక ఊళ్ళో ప్లాస్టిక్ సంచి కనపడకూడదు. థర్మకోల్ పెట్టెల్లో తిండి అమ్మకూడదు. పిల్లలకి పారేసే డైపర్లు కట్టకూడదు. కొట్టుకి వెళ్తే కొబ్బరాకు బుట్ట, విందుకి అరటాకు, చంటిపిల్లకి గుడ్డ. మంచి మాటే. ఈ దీవిలో మా చిన్నప్పుడు ఇదేగా. ఊట మడుగులో నీళ్ళు ఈమధ్య వాసనొస్తున్నాయి కూడా. వారంలో పదిహేను బుట్టలు అల్లాను. ఇంట్లో పెద్దవాళ్ళం ముగ్గురమే, అయినా చాలవేమోనని భయం.

తీర్మానం అమలుచేసే పని ఊరి కుర్రాళ్ళది. వాళ్ళ నాయకుడు మా పసేసే. ఇవాళ పొరుగూరి ఆయన థర్మకోల్ పెట్టెల్లో వేయించిన చేపలు అమ్ముకుంటూ వచ్చాడు. బండి తిరగేశారు. ఆయన నోరు పారేసుకున్నాడు. పసేసే ఇంటికొచ్చేసరికి మోచేతి దాకా రక్తం, అతనిది కాదు.

"వాడి పన్నొకటి నా గుప్పిట్లో ఉండిపోయిందే" అని నవ్వాడు.

పన్ను గుచ్చుకున్న చోట ఉప్పునీళ్ళతో కడిగాను. మనిషి పంటి గాయం చీము పడుతుంది. అదే నా భయం. ఆ చేపలాయన సంగతి నేనెందుకు ఆలోచించాలి. ఊరికి మంచి జరుగుతోంది.

ఫిబ్రవరి 7

ఇరవై గుడ్డలు ఉతికాను. వేళ్ళ కణుపులు చేమదుంపల్లా ఉబ్బాయి. ఉసూయా ఎరుపు పొక్కులైంది. రాత్రంతా ఏడుపు.

లాఫీ పెళ్ళాం మెరీపా వాళ్ళ బట్టలారేసే తీగ దగ్గర నుంచి అరిచింది. "పెద్దమ్మా, సబ్బు పోలేదు ఆ గుడ్డల్లో! మంచినీళ్ళలో రెండుసార్లు జాడించండి, ఎండలోనే ఆరేయండి. నావి చూడండి, ఇద్దరికీ ఒక్క పొక్కు లేదు."

దానికి కవలలు పుట్టి ఆర్నెల్లు. నేను ఐదుగురిని కని ముగ్గురిని పెంచినదాన్ని. నాకు నేర్పుతుందా. వినపడనట్టు లోపలికొచ్చేశాను.

ఫిబ్రవరి 10

ఫువాతినో పట్నం నుంచి బుట్ట తెచ్చింది. పైన దుంపలు, కింద డైపర్ల పొట్లం.

"పొక్కులు తగ్గేదాకానే అత్తమ్మా. ఆయనకి చెప్పకండి."

చెప్తానా? సభలో అందరి ముందూ వీడు రొమ్ము చరుచుకుని అన్నాడు కదా, "మా ఇంట్లో ఒక్క డైపరు దొరికినా ముందు నా ఇల్లే తగలబెట్టండి" అని. ఆ మాట ఎందుకన్నావురా. అలా అనేవాడివి ఇంట్లో ఒకసారి కనుక్కోవద్దూ.

పొక్కులు తగ్గేదాకానే.

ఫిబ్రవరి 13

వాడినవి ఏం చెయ్యాలి? కాలిస్తే వాసన. సీమపనస చెట్టు కింద పాతిపెట్టాను. పొద్దున్నే పంది తవ్వి, నోట కరుచుకుని వాకిట్లోకొచ్చింది. సరిగ్గా అప్పుడే ఆడవాళ్ళ సంఘం తనిఖీకి మూడిళ్ళ అవతల ఉంది, సంఘం పెద్ద లూసియా గొంతు వినపడుతోంది. కర్ర తీసుకుని పందిని కొట్టాను. అది వదల్లేదు. మళ్ళీ కొట్టాను. ముక్కు మీద, కళ్ళ మీద. చేతులు ఇంత నొప్పి ఉన్నదానికి అంత బలం ఎక్కణ్ణుంచి వచ్చిందో. వదిలింది చివరికి. డైపరు నా నడుం గుడ్డలో దోపుకుని ఆ తడి మీదే కూర్చున్నాను.

లూసియా వచ్చి బుట్టలు చూసింది, ఆకులు చూసింది. "అబ్బో వదినా, ఊరందరికీ అల్లావేంటి! తీగ ఖాళీగా ఉందే, గుడ్డలేవీ?"

"వాన వస్తుందని తీశాను."

"ఎక్కడుంది వాన?" అని ఆకాశం చూసి నవ్వింది. "పందికేమైంది, కన్ను అలా ఉంది?"

"చెట్టుకి గుద్దుకుంది."

పంది ఇప్పుడు నన్ను చూస్తే కుంటుకుంటూ పారిపోతోంది.

ఫిబ్రవరి 15

సంజె శంఖం ఊదాక ప్రార్థన అయ్యేదాకా ఎవరూ దారి మీద తిరగకూడదు. అందుకే అప్పుడే వెళ్ళాను. కుర్రాళ్ళ కాపలా రోడ్డు వైపే ఉంటుంది, గుట్ట వైపు ఉండదు. పసేసే కూడా అక్కడే. అన్నీ ఒక నీలం సంచిలో కట్టి, లోపల ఒక రాయి వేసి, గుట్ట మీది నల్లరాతి కన్నంలో వదిలాను. చప్పుడే రాలేదు. అంత లోతు.

దేవుడు క్షమించాలి, ప్రార్థన వేళ నడిచాను.

ఫిబ్రవరి 19

మళ్ళీ, ఇంకో సంచి. ఈసారి రాయి వెయ్యలేదు. పొక్కులు పూర్తిగా తగ్గలేదు. ఎవరూ చూడలేదు.

చిన్నప్పుడు ఆ కన్నంలో కొబ్బరికాయ వేస్తే మర్నాటికి ఊట మడుగులో తేలేది అనేవాళ్ళం. పిల్లల మాటలు.

ఫిబ్రవరి 22

రెండు రోజులుగా వాన. ఆగడంలేదు. ఎతువాతీ సమాధి మీద కొబ్బరాకు కప్పాను.

ఫిబ్రవరి 24

వాన.

పిల్లల మాటలే అవి. వేసింది నేనూ, మా అక్కా. తేలింది కూడా. కానీ అది వేరే కాయ అయుండొచ్చు.

ఫిబ్రవరి 25, మంగళవారం

అక్షరాలు గీతల్లో నిలవడంలేదు.

పొద్దున నీళ్ళకి వెళ్ళిన ఆడవాళ్ళు అరిచారు. నేను వెళ్ళేసరికి మడుగు చుట్టూ ఊరుంది. నీళ్ళలో డైపర్లు ఉబ్బి, తెల్లగా, చచ్చిన చేపల్లా. మధ్యలో ఒక నీలం సంచి ఇంకా కట్టు విడలేదు. పసేసే దాన్ని పడవ తెడ్డుతో లాగి రాయి మీద పడేశాడు. చాలాసేపు దాన్నే చూశాడు. కత్తి తీసి, ముడి కోసి, నడుం గుడ్డలో దోపుకున్నాడు. ఎందుకో. తరవాత సంచిని చీల్చాడు.

చంటిపిల్లలున్న ఇళ్ళు ఊళ్ళో మూడే. పాస్టరు గారిది, మాది, సకాయో ముసలాయనది. అంటే ఆయన కొడుకు లాఫీ కవలలు.

ఎవరో అన్నారు, "ఇన్ని ఉన్నాయంటే ఇద్దరు పిల్లలవే."

అంతే. అందరూ లాఫీ వైపు తిరిగారు. అతను మోకాలికి ఇంకా కట్టుతోనే ఉన్నాడు, నీళ్ళ బిందె పట్టుకుని.

"పిచ్చా మీకు? మెరీపా గుడ్డలే కడుతుంది. రోజూ తీగ మీద చూడటంలేదా? నన్ను కాదు పసేసే, మీ ఇంట్లో అడుగు, మీ తీగ ఎందుకు ఖాళీగా..."

మాట పూర్తికాలేదు. పసేసే తెడ్డు తిప్పాడు. పచ్చి కొబ్బరికాయ మీద కత్తి పడిన చప్పుడు. లాఫీ మోకాళ్ళ మీద కూలాడు. మళ్ళీ కొట్టాడు, ఈసారి తెడ్డు అంచుతో, ముఖం మీద. మిగిలిన కుర్రాళ్ళు ఎనిమిదిమందో తొమ్మిదిమందో, నేను పురుడు పోసినవాళ్ళు ముగ్గురున్నారు అందులో, పడి తొక్కారు. మెరీపా చంకలో పిల్లతోనే అతని మీద పడుకుంది. పిల్లని ఒకడు లాగి పక్కన పెట్టాడు, జాగ్రత్తగానే పెట్టాడు, పెట్టి మళ్ళీ వచ్చి తన్నాడు. సకాయో కొడవలి పట్టుకుని పరుగెత్తుకొచ్చాడు. ఆయన మణికట్టు విరిచారు. ఆ విరిగిన చప్పుడూ విన్నాను.

లాఫీ ఎడమకన్ను ఉండాల్సిన చోట లేదు. నేను చూశాను.

ఆ రక్తం రాతి మీంచి మడుగులోకి పోయింది. మడుగు శుభ్రంగా ఉండాలనే కదా ఇదంతా. ఇవాళ ఊళ్ళో ఎవరూ నీళ్ళు పట్టుకోలేదు.

పసేసే అన్నం తినలేదు. భుజం నొప్పి ఎక్కువైంది. నూనె రాస్తానంటే చెయ్యి విదిలించాడు.

ఫిబ్రవరి 26

నీలం సంచులు అందరిళ్ళలోనూ ఉంటాయి.

ఫిబ్రవరి 27

నీలం సంచులు అందరిళ్ళలోనూ ఉంటాయి. పాస్టరు గారింట్లో కూడా.

ఫిబ్రవరి 28, శుక్రవారం

సభ తీర్పు చెప్పింది. సకాయో కుటుంబం మధ్యాహ్నంలోగా ఊరు వదలాలి. మధ్యాహ్నం దాకా ఆగలేదు కుర్రాళ్ళు. పందుల్ని ఈటెలతో పొడిచారు. అరటిచెట్లు నరికారు. పెట్రోలు పోసి ఇల్లు అంటించారు. గోడల్లేని ఇల్లు, స్తంభాలు ఒక్కొక్కటే మోకరిల్లినట్టు పడ్డాయి. ప్లాస్టిక్ నీళ్ళ తొట్టి కరిగి కాలింది. నల్లటి పొగ ఊరంతా. ఇప్పటికీ గొంతులో మండుతోంది, ఫువాతినో దగ్గు ఆగడంలేదు, పిల్లకి ఏమవుతుందోనని ముక్కుకి తడిగుడ్డ అడ్డంపెట్టి కూర్చున్నా.

లాఫీని మొన్ననే ఆసుపత్రికి తీసుకెళ్ళారు. మెరీపా పిల్లలిద్దరినీ లారీ ఎక్కించి, నన్ను చూసి దిగి వచ్చింది.

"పెద్దమ్మా! మీరొక్కరు చెప్తే వింటారు. పసేసే తల్లి కదా మీరు. నేను గుడ్డలు ఉతకడం రోజూ చూస్తారుగా. చెప్పండి పెద్దమ్మా."

అందరూ నా వైపు చూశారు. పసేసే నా వైపు చూడలేదు.

"నాకు చూపు ఆనదమ్మా" అన్నాను.

దూరపు చూపు నాకు బాగానే ఉంది. వాళ్ళ తీగ మీద గుడ్డలు అంటుకోవడం అంత దూరం నుంచీ కనపడింది. తెల్లగా ఆరేసి ఉన్నాయి. ఒకదాన్నుంచి ఒకదానికి పాకింది మంట. ఇరవైనాలుగు.

మార్చి 2, ఆదివారం

చర్చిలో పాట పాడలేకపోయాను. అందరూ వాన జలుబనుకున్నారు.

కన్ను పోయిందట. తీసేశారట.

పొట్లంలో మిగిలినవి పొయ్యిలో వేశాను. ఎవరైనా వాసన పట్టనీ. ఎవరూ పట్టలేదు, ఊరంతా అదే వాసన.

మార్చి 4

గుడ్డలు ఉతికాను. మంచినీళ్ళలో రెండుసార్లు జాడించాను. ఎండలో ఆరేశాను. మెరీపా చెప్పినట్టే.

పసేసే తీగ వైపు చూస్తూ నిలబడ్డాడు. నడుం గుడ్డలోంచి ఏదో తీసి నా ఒళ్ళోకి విసిరాడు. మొగలాకు పీచుతో కట్టిన ముడి, ఇంత నీలం ముక్క అంటుకుని ఉంది.

"ఊళ్ళో ఎడమచేత్తో ముడి వేసేది నువ్వొక్కదానివే."

దాన్ని గుప్పిట్లో మూశాను.

"చిన్నప్పటి నుంచి నా మధ్యాహ్నం మూట కట్టింది ఆ ముడితోనే కదే. చూడగానే తెలిసింది. లాఫీ గాడు మన ఇంటి మాట ఎత్తాడు. ఇంకొక్క మాట అంటే అందరూ ముడి చూసేవాళ్ళు. అందుకే నోరు మూయించా." ఆ తరవాత, ఏడుస్తూనో నవ్వుతూనో తెలియలేదు, "నోటి మీద కొడదామనే అనుకున్నా. కంటికి తగిలింది."

తెలిసి కొట్టాడు. నేను తెలియక చేశాననైనా అనుకున్నాను. అదీ నిజం కాదు. కొబ్బరికాయ తేలింది, నాకు తెలుసు.

వాడు బయటికెళ్ళి తెడ్డుని ఎతువాతీ సమాధికేసి ముక్కలయ్యేదాకా కొట్టాడు.

మార్చి 5

మా మేనమామ ఇఫోగాకి కూర్చున్నప్పుడు నాకు తొమ్మిదేళ్ళు. తాగి ఒక మనిషిని పొడిచాడు. తెల్లారకముందే వెళ్ళి, చచ్చినవాడి గుమ్మం ముందు, తల మీంచి సన్నచాప కప్పుకుని నేల మీద కూర్చున్నాడు. ఒక్క మాట మాట్లాడకూడదు. ఇంటివాళ్ళు వచ్చి చాప ఎత్తితే తప్పు కాసినట్టు. ఎత్తకపోతే ఏం చేసినా అడిగేవాళ్ళు లేరు. మేం చెట్ల వెనక నుంచి చూశాం. పొద్దు నెత్తి మీదికొచ్చినా ఎవరూ ఎత్తలేదు. తరవాత ఆ ఇంటి పెద్దకొడుకు రాయి పట్టుకుని వచ్చాడు. చాప మీద మరక నాణెమంత మొదలై పళ్ళెమంత అయింది. మామ కదల్లేదు. అప్పుడు ఆ ఇంటి ముసలామె వచ్చి, కొడుకుని పక్కకి నెట్టి, చాప ఎత్తింది. బతికాడు మామ. తల మాత్రం ఒకవైపే తిరిగేది.

నా చావుకని దాచిన సన్నచాప ఉంది. పెళ్ళికి ముందు మొదలుపెట్టి, రెండో కాన్పు తరవాత పూర్తిచేసింది. పట్టులా ఉంటుంది. పైకి తీశాను. చెద పట్టలేదు.

మార్చి 6, గురువారం

చెప్పేశాను.

పొద్దున మడుగు దగ్గర అందరూ ఉన్నప్పుడు, లూసియా తనిఖీ పుస్తకం పట్టుకుని ఉన్నప్పుడు. "డైపర్లు మా ఇంటివి. కన్నంలో వేసింది నేను. లాఫీకి ఏ పాపం తెలియదు. మెరీపా గుడ్డలే ఉతికేది, నేను రోజూ చూశాను, నా చూపు బాగానే ఉంది."

లూసియా ముందు నవ్వింది. "ముసలిదానికి ఎండ తగిలింది."

ముడి చూపించాను.

"ఏం వదినా ఇది... ఇల్లు తగలబెట్టే ముందు చెప్పొద్దూ?"

ఆ రోజు నాకు నోరుందని నాకే తెలియదు.

సాయంత్రానికి రాళ్ళు మొదలయ్యాయి. నిన్నటిదాకా పసేసే వెనక నడిచిన కుర్రాళ్ళే. "నీ ఇల్లే తగలబెట్టమన్నావుగా, రా బయటికి!" అని. ఒక రాయి నా నుదుటికి తగిలింది. ఫువాతినో పిల్లని బల్ల కింద పడుకోబెట్టి మీద పడుకుంది. పసేసే వాకిట్లో చేతులు కిందికి వేలేసి నిలబడ్డాడు. అడ్డుపెట్టుకోలేదు. పెదవి చీలింది, దవడ వాచింది, రెండు పళ్ళు ఊడాయి. ఒకటి నేను వాకిట్లో వెతికి తెచ్చి నీళ్ళలో వేశాను, ఎందుకో నాకే తెలియదు. ఆ చేపలాయన పన్ను గుర్తొచ్చింది.

పెద్దలు వచ్చి ఆపారు. సకాయో వాళ్ళ గుమ్మం ముందు ఇఫోగాకి కూర్చుంటానని చెప్పాను. ఇల్లు ఏం చెయ్యాలో ఇఫోగా అయ్యాక చూస్తామన్నారు. తిరిగొస్తేగా, అని ఒకాయన అన్నాడు, మెల్లగానే అన్నాడు.

మార్చి 7

పసేసే రానన్నాడు. "వాళ్ళు తలదాచుకుంది దూరపు ఊళ్ళో సకాయో తమ్ముళ్ళ దగ్గర, నలుగురు. కొడవళ్ళు నూరుకుంటున్నారట. చాప కింద కూర్చున్నవాణ్ణి కోడిని కోసినట్టు కోస్తారు."

"నేనొక్కదాన్నే వెళ్తాను."

"నువ్వా? ఆ చాప బరువు మోయగలవా నువ్వు?"

"అల్లింది నేనే."

చెయ్యెత్తాడు. నా మీదికే. గాల్లో ఆగింది. భుజం నొప్పి కదా, పూర్తిగా ఎత్తలేడు. దించి, ఆ చేత్తోనే ముఖం కప్పుకున్నాడు. తరవాత అన్నాడు, "ఇద్దరం పడతామా దాని కింద?"

కొలిచి చూశాం. దగ్గరగా కూర్చుంటే పడతాం. వాడు ఏడేళ్ళ వయసులో అలా కూర్చునేవాడు నా పక్కన.

మార్చి 8, శనివారం

ఉసూయా పొక్కులు పోయాయి. ఒక్కటి లేదు. నాలుగు రోజులు రెండుసార్లు జాడించినందుకే. అప్పుడే మెరీపా మాట విని ఉంటే.

పసేసేకి ఒకటి చెప్పి ఉంచాను, రాళ్ళు పడితే ముందుకి వంగకు, నా వైపు వంగు అని. వాడు నవ్వాడు, పళ్ళు లేని చోట గాలి పోయింది. నాకు భయంగానే ఉంది. చాప కింద దగ్గు వస్తే? మోకాళ్ళు పట్టేసి కదిలితే, లేచి పారిపోతోందనుకుంటే? ఉసూయాకి పాలు ఎవరు కాస్తారు? ఫువాతినోకి అన్నీ చెప్పాను, మూడుసార్లు.

చేమదుంపలు కాల్చి కొబ్బరాకు బుట్టలో పెట్టాను. అప్పుడు ఎక్కువ అల్లిన పదిహేనులో ఒకటి. కొత్త గుడ్డలు ఇరవైనాలుగు, నా దుప్పట్లు కోసి కుట్టినవి, జాడించి, ఎండలో ఆరేసి, మొగలాకు పీచుతో మూటకట్టాను. నా ముడితోనే కట్టాను. ఎవరివో తెలియాలిగా.

ఇంక ఈ పుస్తకం ఫువాతినో పెట్టెలో పెడతాను.

మెరీపా, పాలు పడుతున్నాయా, ఆ గొడవలో రొమ్ము ఎండిపోయుంటుంది. కవలలు రాత్రిళ్ళు నిద్రపోతున్నారా? సకాయో, మణికట్టు అతికిందా? లాఫీ, నాయనా, మోకాలు ఎలా ఉంది అని మొదట్లో అడిగాను. కన్ను ఎలా ఉంది అని అడగడానికి నాకు నోరు రావడంలేదు. చాప కింద మాట్లాడకూడదు కాబట్టి ఇక్కడే అడుగుతున్నా. ఎలా ఉంది?

రేపు సాయంత్రం ప్రార్థన అవగానే నడక మొదలుపెడతాం. సోమవారం, మార్చి 10, తెల్లారేసరికి మీ గుమ్మం ముందు ఉంటాం.